కుడిపక్క పిన్ను పెట్టొద్దు

మా స్ఫూర్తి పొట్ట మీద ఉన్నదాన్ని నేను మొదటిసారి చూసినప్పుడు అది కదిలింది.

ఆపరేషన్ అయి ఎదిగిన నా బిడ్డను వార్డులోకి తెచ్చాక, వందన సిస్టరు దుప్పటి పక్కకు జరిపి "చూడండమ్మా, భయపడేదేం లేదు" అంది. బొడ్డుకు కుడిపక్కన, కొంచెం కిందికి, దానిమ్మ గింజ రంగులో తడితడిగా, బొటనవేలి కొసంత పేగు బయటికి వచ్చి ఉంది. దాని చుట్టూ చర్మానికి అతికించిన ప్లేటు, ఆ ప్లేటుకు ఒక సంచి. నేను చూస్తుండగానే అది మెల్లగా ముడుచుకుని మళ్ళీ విచ్చుకుంది. ఎవరూ చెప్పకుండానే, బిడ్డ నిద్రలో ఉండగానే. నేను ఏడో తరగతి దాకా చదివినదాన్ని. గుండె కొట్టుకుంటుందని తెలుసు గానీ, పేగు కూడా ఇట్లా తన పని తాను చేసుకుంటూ ఉంటుందని నాకెవరు చెప్పారు? మంచం పట్టె పట్టుకున్నాను.

"దానికి నొప్పి తెలియదమ్మా" అంది సిస్టరు. "ముట్టుకున్నా తెలియదు."

నాకు ధైర్యం చెప్పడానికే అంది ఆ మాట. నాకు మాత్రం అక్కణ్ణుంచే కొత్త భయం పట్టుకుంది. నొప్పే తెలియకపోతే, దానికి ఏమన్నా అయినప్పుడు మాకెట్లా తెలియాలి? ఆ తర్వాత నేను దానివైపు చూడలేదు. బిడ్డ సంచి మార్చుకునేటప్పుడు వంటింట్లో ఏదో ఒక గిన్నె తోముతూ ఉండేదాన్ని.

రెండేళ్ళు రక్తం పోయింది పిల్లకు. పెద్దపేగు నిండా పుండ్లు. మందులు పనిచెయ్యక, చివరికి డాక్టర్లు పెద్దపేగు తీసేసి చిన్నపేగు కొసను ఇట్లా పొట్ట మీదికి తెచ్చారు. తిన్నది సంచిలోకి వస్తుంది, నిండితే బాత్రూములో ఖాళీ చేసుకుంటుంది. అంతే. మంచం మీద నుంచి లేవలేని పిల్ల ఎండాకాలం వచ్చేసరికి మెట్లు రెండేసి ఎక్కడం మొదలుపెట్టింది. అందరూ సంతోషపడ్డారు. నేను మాత్రం మెట్లెక్కితే ఊడుతుందేమో, బోర్లా పడుకుంటే పలుగుతుందేమో అని కాపలా కాస్తూనే ఉన్నాను. అది అప్పుడప్పుడు గుర్రుమని చప్పుడు కూడా చేస్తుంది. కిరాణా కొట్టు ముందర చప్పుడైతే, ఎవరికీ వినబడకుండా నేను గట్టిగా దగ్గుతాను. మా ఆయన "బస్తీల అందరు నీకే రోగమనుకుంటున్నరే" అని నవ్వుతాడు.

మాది ఫిల్మ్ నగర్ బస్తీ. మా ఆయన బాలనర్సయ్య సినిమా సామాను కిరాయికిచ్చే గోడౌనులో పని చేస్తాడు. స్ఫూర్తి పని నీళ్ళలో. సినిమాలో హీరోయిన్ బావిలో దూకిందంటే, దూకింది మా స్ఫూర్తి. తల పైకి తేలిందంటే అది హీరోయిన్.

ఆ పనికే మళ్ళీ పిలుపొచ్చింది. ఫైట్ మాస్టర్ త్రినాథరావు గారు ఫోన్ చేశారు. "ఏమ్మా, ఒళ్ళు కుదుటపడిందా? విశాఖపట్నంలో షెడ్యూలు పెట్టారు. పడవ మీంచి చీరతో సముద్రంలో పడాలి. ముందు జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా పూల్‌లో ట్రయల్ చూద్దాం. చేస్తావా?"

"చేస్త మాస్టర్" అనేసింది. కడుపు ఆపరేషన్ అని ఆయనకు తెలుసు. సంచి సంగతి తెలియదు.

ఫోన్ పెట్టగానే నేను అందుకున్నాను. "ఏం చేస్తవే? నీళ్ళల్ల సంచి ఊడిపోతే?"

"ఊడదమ్మా. ఈత కొట్టొచ్చని డాక్టర్ చెప్పిండు గద."

"డాక్టర్‌కేం పోయింది? రైల్ల అంత దూరం ఎట్ల పోతవ్? రైలు ఊగుతది. తినకుంట తాగకుంట పోవాలె, లేకుంటే నిండుతది."

"గిట్ల కాదు, ఉండు" అని వందన సిస్టరుకు ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టింది.

సిస్టరు నన్నే మందలించింది. "తాగకుండా పంపొద్దమ్మా! పెద్దపేగు లేని మనిషికి ఒంట్లో నీళ్ళు త్వరగా తగ్గిపోతాయి. రైల్లో ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు తాగుతూ ఉండాలి. ఈతకు ముందు సంచి ఖాళీ చేసుకోవాలి. ప్లేటు ముందు రోజే వేసుకోవాలి, ఆ చుట్టూ నూనె గీనె రాయొద్దు. సంచి మీద గాలి పోయే చిన్న చిల్లుంటుంది, దాని మీద స్టిక్కర్ అతికించాలి. అంతే. అనుమానముంటే ముందు ఇంట్లో టబ్బులో కాసేపు కూర్చోబెట్టి చూడండి."

మా ఇంట్లో టబ్బంటే బట్టలు నానబెట్టేది. అందులో పిల్ల కాలు కూడా మునగదు.

బిడ్డ ఆగదని అర్థమైంది. అయినా ఒకటి నా చేతిలో ఉంచుకోవాలనుకున్నాను. దాని చెయ్యి తీసి నా తల మీద పెట్టుకున్నాను. "పోతే పో. గానీ నా మీద ఒట్టు, సంచి సంగతి సినిమావాళ్ళల్ల ఒక్కరికి చెప్పొద్దు. తెలిసిందా, రేపటి సంది నిన్నెవ్వరు పిలువరు. చూసి మొకం తిప్పుకుంటరు."

ఆ చివరి మాటకు పిల్ల నా ముఖంలోకి చూసింది. "సరే, ఒట్టు" అంది.

టబ్బు సంగతి మా ఆయన తేల్చాడు. "గోడౌన్ల ఉంది గద, మహారాణి టబ్బు."

ఆదివారం గోడౌనుకు సెలవు. షట్టరు సగం దించి లోపలికి పోయాం. ఒకపక్క సింహాసనాలు, ఇంకోపక్క ఆస్పత్రి మంచాలు, థర్మాకోల్ దేవుళ్ళు, తీగ లేని ఫోన్లు, వెనక చెక్క లేని బీరువాలు. అక్కడ ఏదీ పనిచెయ్యక్కర్లేదు, కనబడితే చాలు. మహారాణి టబ్బు మూలన ఉంది. ఒళ్ళంతా బంగారు రంగు, కింద నాలుగు సింహం పాదాలు. ఎన్ని పాటల్లో ఎందరు అందులో గులాబీ రేకుల్లో మునిగి కూర్చున్నారో.

మా ఆయన అడుగు చిల్లుకు గుడ్డ కుక్కి, పైపుతో నీళ్ళు నింపాడు. స్ఫూర్తి పాత టీషర్టుతో ఒక కాలు పెట్టింది, రెండో కాలు పెట్టింది, కూర్చుంది. నీళ్ళు పొట్ట దాటి ఛాతీ దాకా వచ్చాయి. కళ్ళు మూసుకుంది. చెంబుతో పోసుకునే నీళ్ళు తప్ప జబ్బు పడ్డప్పటి నుంచి వేరే నీళ్ళు ఎరగని ఒళ్ళు అది. దాని భుజాలు మెల్లగా కిందికి దిగాయి, ముఖం విప్పారింది. మా ఆయన పైపు మూయడం మరచిపోయి చూస్తున్నాడు. నేను ఒక్క క్షణం చూసి, చూపు నేల మీదికి దించుకున్నాను. నా ధ్యాస అంతా కారడం మీదే.

అప్పుడే కనబడింది. టబ్బు కింద నుంచి నీళ్ళు పాకుతూ వస్తున్నాయి. పచ్చగా, గోధుమగా.

"పలిగింది! అయ్యో, పలిగిందయ్యా! లేవే బిడ్డా, లేవు!"

నా కేకకు గోడౌనంతా మోగింది. స్ఫూర్తి బిత్తరపోయి పొట్ట పట్టుకుంది. మా ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, నీళ్ళలో వేలు ముంచి వాసన చూశాడు. మళ్ళీ చూశాడు.

"రంగు" అన్నాడు.

"ఏం రంగు?"

"బంగారు రంగు. టబ్బుది. నేను కుక్కిన గుడ్డ ఊసిపోయింది. గీ టబ్బుల ఎన్నడన్న నీళ్ళు పోసిన్రా? రేకులు పోసిన్రు, గంతే."

నీళ్ళు తగ్గుతూ తగ్గుతూ చివరికి పిల్ల ఖాళీ టబ్బులో కూర్చుని ఉంది. టీషర్టు కింద చెయ్యి పెట్టి ప్లేటు అంచు చుట్టూ తడుముకుంది. ఒకసారి కాదు, రెండుసార్లు. తర్వాత పగలబడి నవ్వింది.

"ఈ గోడౌన్ల అన్ని కారుతయమ్మా, నాది తప్ప!"

లేచి నిలబడింది. టబ్బు రంగంతా దానికే అంటుకుంది. మోకాళ్ళ నుంచి మడమల దాకా, చేతుల నుంచి మోచేతుల దాకా బంగారం. షట్టరు కింద నుంచి వస్తున్న ఎండలో, ఆ ఉత్తుత్తి సింహాసనాల మధ్య నా బిడ్డ ధగధగలాడుతూ నిలబడింది. తర్వాత ఆ రంగు వదిలించడానికి సబ్బు ఒక బిళ్ళ అయిపోయిందనుకోండి, అది వేరే సంగతి.

ట్రయల్ రోజు నేనూ ఆటో ఎక్కాను. బిడ్డ షూటింగ్‌కు నేనెన్నడూ పోయినదాన్ని కాదు. జూబ్లీహిల్స్ గుట్ట ఎక్కుతుంటే ఆటో కుదుపుకు లోపలిది గుర్రుమంది. నేను దగ్గాను. మళ్ళీ గుర్రుమంది, మళ్ళీ దగ్గాను. ఆటో ఆయన వెనక్కి తిరిగి "అమ్మా, నీళ్ళు తాగుతవా?" అన్నాడు. స్ఫూర్తి రోడ్డువైపు తిరిగి నవ్వు ఆపుకుంది.

బంగళా గేటు లోపల ఇంటికన్నా పెద్ద బండరాళ్ళు. పగలగొట్టకుండా వాటిని అట్లాగే ఉంచి, వాటి నడుమ పూల్ కట్టారు. అంత నీలం నేనెన్నడూ దగ్గర్నుంచి చూడలేదు. అడుగున పలకలు లెక్కపెట్టేంత స్పష్టంగా కనబడుతున్నాయి, లోతు మాత్రం తెలియడం లేదు.

పక్క గదిలో చీర కడుతున్నది కాస్ట్యూములు చూసే లీలాకుమారి గారు. కోస్తా ఆవిడ. పిన్నులు పెదవుల మధ్య పట్టుకునే మాట్లాడుతుంది. "నీళ్ళలో చీర ఊడిందంటే పరువు పోయేది హీరోయిన్‌ది కాదమ్మా, నాది" అంటూ భుజం మీద ఒకటి, కుచ్చిళ్ళకు ఒకటి పెట్టింది. తర్వాత అన్నిటికన్నా పెద్ద పిన్ను తీసింది. "ఇది కుడిపక్క, నడుం కింద. చెయ్యి తియ్యి."

స్ఫూర్తి అక్కడే చెయ్యి పెట్టుకుని ఉంది. "ఇక్కడొద్దక్కా. నేను పెట్టుకుంట."

"నువ్వు పెట్టుకునేదానికి నేనెందుకు? ఇక్కడ గట్టిగా దిగకపోతే నీళ్ళ బరువుకి మొత్తం జారిపోతుంది. ఏంటి, గిలిగింతా?"

"అక్కా, వద్దు..."

"ఎందుకొద్దో చెప్పు మరి!"

స్ఫూర్తి నా వైపు చూసింది. నా తల మీద పెట్టిన చెయ్యే ఇప్పుడు దాని పొట్ట మీద ఉంది. పళ్ళు బిగబట్టి నిలబడింది. లీలాకుమారి గారు నవ్వుతూ ఆ చేతిని పక్కకు నెట్టింది. పిన్ను కొస ముందుకు వచ్చింది.

నొప్పి తెలియదమ్మా. ముట్టుకున్నా తెలియదు. అంటే గుచ్చుకున్నా తెలియదు. పలికేందుకు దానికి నోరు లేదు. నోరున్న బిడ్డకు నేను ఒట్టు పెట్టాను.

"కుడిపక్క పిన్ను పెట్టొద్దు!"

ఆ గొంతు నాదేనని నాకు తర్వాత తెలిసింది. బయటున్న త్రినాథరావు గారు తలుపు దగ్గరికి పరుగెత్తుకొచ్చి "ఏంటి? ఏమైంది?" అన్నారు.

"గాడ పేగున్నది" అన్నాను. "నా బిడ్డ పేగు. ఆపరేషన్ చేసి బయట పెట్టిన్రు. దాని మీద సంచున్నది. పిన్ను పెట్టొద్దు."

లీలాకుమారి గారు నోట్లోని పిన్నులన్నీ అరచేతిలోకి ఉమ్మేసింది.

"అమ్మా, ఒట్టు పెట్టించుకుని నువ్వే..." అంది స్ఫూర్తి.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన. పో."

లీలాకుమారి గారు నా బిడ్డ గడ్డం పట్టుకుంది. "ఇంత సంగతి ముందే చెప్పొద్దా తల్లీ? చీరల కింద నేనేమేం దాచలేదు? తాళ్ళు కట్టాను, ఇనప బెల్టులు కట్టాను, మైకులు కట్టాను. ఒక హీరోగారికి విరిగిన కాలి కట్టు మీద పట్టుపంచె కట్టి పెళ్ళి సీను చేయించాను. ఇదెంత? పిన్నులన్నీ పీకేస్తాను. ఎడంపక్క లంగాకి కలిపి కుట్టేస్తాను, పైన నాడా వేసి కడతాను. కుడిపక్కకి సూదే రాదు. సరేనా అమ్మగారూ?"

ఆమె ముఖం తిప్పుకోలేదు. నేను అదే చూస్తున్నాను.

కానీ త్రినాథరావు గారు నవ్వలేదు. "చీర సంగతి సరే. నీళ్ళలో ఏదన్నా అయితే నేను కదమ్మా జవాబు చెప్పాలి. ముందే ఎందుకు చెప్పలేదు?"

"నేనే చెప్పొద్దన్న సారూ" అన్నాను. నేను భయపడ్డదే జరగబోతోంది, అదీ నా నోటితోనే.

"డాక్టర్ ఒప్పుకున్నారా?"

"ఒప్పుకున్నరు మాస్టర్" అంది స్ఫూర్తి. "కావాల్నంటే నంబరిస్త, మీరే మాట్లాడండి."

ఆయన అక్కడికక్కడే ఫోన్ చేసి మాట్లాడారు. పెట్టేసి, "అంత ఎత్తు మీంచి పొట్ట మీద పడితే?" అన్నారు.

"పొట్ట మీద పడ. వీపు మీద పడత. ఎన్నడు పడ్డా వీపు మీదనే పడ్డ, మీరే నేర్పిన్రు."

ఆయన పూల్ పక్కనున్న బండ ఎత్తును కళ్ళతోనే కొలిచారు. "సరే, ఒక్కసారి పడు. నాకు అనుమానం వచ్చిందో, విశాఖ లేదు. కోపం తెచ్చుకోకూడదు."

ఎర్రచీరతో స్ఫూర్తి బండ మీదికి ఎక్కింది. అక్కణ్ణుంచి ఒకసారి నన్ను చూసి, వెనక్కి వాలింది.

నీళ్ళు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి.

నేను గట్టు దగ్గర మోకాళ్ళ మీద వంగాను. కళ్ళు గోధుమ రంగు కోసం వెతుకుతున్నాయి. ఎక్కడా లేదు. చీర మాత్రం పొగలాగా విచ్చుకుంటూ పోతోంది. ఆ ఎరుపు మధ్యలో నా బిడ్డ అడుగున పలకలకు ఆనుకుని కదులుతోంది. ఎండ నీటి కింద వల అల్లుతుంటే, ఆ వలలోంచి జారిపోతోంది. ఇది నేను కన్న పిల్లేనా? తినడం, నడవడం నేను నేర్పాను. ఇది నేను నేర్పింది కాదు. రెండేళ్ళు రక్తం పోయిన ఒళ్ళు, కోసి కుట్టిన ఒళ్ళు, ఏ పేగు ఎక్కడుందో దేవుడికి కూడా కొత్తగా చూపించాల్సిన ఒళ్ళు. నీళ్ళు దాన్ని ఏమీ అడగలేదు. మోసుకుపోయాయి. నేను చేతులు జోడించానని నాకు తెలియదు, లీలాకుమారి గారు తర్వాత చెప్పింది.

అవతలి గట్టున తల పైకి లేచింది. నీళ్ళు నీలంగానే ఉన్నాయి.

త్రినాథరావు గారు నడుం మీద చేతులు పెట్టుకుని అరిచారు. "ఏమ్మా, అంత అందంగా ఈదుతావేంటి? హీరోయిన్‌కి ఈత రాదు! చేతులు కొట్టుకో, గింజుకో! మళ్ళీ చెయ్!"

స్ఫూర్తి ముఖం వెలిగిపోయింది. ఆయన ఎప్పటిలా తిడుతున్నారు. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ పడింది. ఆ పూట ఎన్నిసార్లు పడిందో నేను లెక్కపెట్టలేదు.

అయ్యాక గదిలోంచి పిలిచింది. "అమ్మా, జర రా. సంచి మారుస్త, చర్మం ఎర్రగయ్యిందా చూడు. కింది దిక్కు నాకు కనబడ్తలేదు."

కడగడానికి గిన్నెలేమీ లేవు అక్కడ. పోయాను. ప్లేటు తీసింది. ఆస్పత్రి తర్వాత మళ్ళీ ఇప్పుడే చూడడం. చర్మం శుభ్రంగా ఉంది. మధ్యలో అది, దానిమ్మ గింజ రంగులో, తడిగా. నేను చూస్తుండగానే ముడుచుకుని విచ్చుకుంది. పైన అంత కేకలు, అంత భయం, బండ మీంచి పడడాలు. దానికేమీ పట్టలేదు. పొద్దున పిల్ల తిన్న ఇడ్లీ మీదే దాని ధ్యాసంతా. నీళ్ళ కింద కూడా, బిడ్డ ఊపిరి బిగబట్టినప్పుడు కూడా, ఇది ఆగకుండా తన పని చేసిందన్నమాట. ఇంత బుద్ధిమంతురాలి వైపు నేను ఇన్నాళ్ళూ చూడలేదు.

"ఎట్లుంది?" అంది స్ఫూర్తి.

"మంచిగుంది" అన్నాను. "మంచిగ పని చేస్తున్నది."

విశాఖకు నాకూ టికెట్ వచ్చింది. "అమ్మగారు రావాల్సిందే, కుడిపక్క చూసుకోడానికి" అని లీలాకుమారి గారు పట్టుబట్టింది. ప్రయాణానికి కావలసినదానికి రెట్టింపు సంచులు పెట్టుకోండి, పెద్ద పెట్టెలో కాదు, చేతి సంచిలో పెట్టుకోండి అని వందన సిస్టరు చెప్పింది. నా జన్మలో ఒక్కరు, నా భయానికి సరిపోయే మాట చెప్పారు. నేను రెట్టింపుకు రెట్టింపు పెట్టాను. పేగు కొలతకు కత్తిరించిన ప్లేట్లు, స్టిక్కర్లు, తుడిచే గుడ్డలు, మార్చుకునే బట్టలు, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళ సీసాలు. మా ఆయన స్టేషన్‌లో ఆ సంచి ఎత్తి "సముద్రాన్ని గూడ దీంట్లనే తెస్తవా ఏంది?" అన్నాడు.

పొద్దుటి రైలు కదిలింది. ఎదురు సీట్లో పెద్దాయన పేపరు తెరిచాడు. అంతలో గుర్రుమంది, బాగా గట్టిగా. పెద్దాయన పేపరు దించి చూశాడు. నాకు గొంతు దాకా దగ్గు వచ్చింది. వచ్చి, అక్కడే ఆగింది. స్ఫూర్తి ఓరకంట నన్ను చూస్తోంది. నేను సీసా మూత తీసి దాని చేతికిచ్చాను.

"తాగు. ఆకలైనట్టుంది దానికి."

పెద్దాయన మళ్ళీ పేపరులోకి పోయాడు. నేను కిటికీకి దగ్గరగా జరిగి, కొంగుతో అద్దం తుడిచి బయటికి చూశాను. సముద్రం నేనెన్నడూ చూడలేదు.

"ఎటు దిక్కు కనబడ్తదే సముద్రం?"

"అమ్మా" అంది స్ఫూర్తి, "ఇంక మౌలాలి గూడ దాటలే. పట్నంలనే ఉన్నం."

అయినా నేను కిటికీ వదల్లేదు.